ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఉప్పల్ నుంచి ఎందుకు పోయాయి? వేదికను ఎవరు, ఎట్లా ఖరారు చేస్తారు?

2025 మే 20, మంగళవారం. ఆ రాత్రి ఉప్పల్ రాజీవ్ గాంధీ స్టేడియంలో ఐపీఎల్ క్వాలిఫయర్-1 జరగాల్సింది. మరుసటి రోజు ఎలిమినేటర్ కూడా ఇక్కడే. ఫిబ్రవరిలో షెడ్యూలు విడుదల చేసినప్పుడే బీసీసీఐ ఈ రెండు మ్యాచ్‌లను హైదరాబాద్ పేరు మీద రాసింది. తీరా ఆ తారీఖు వచ్చేసరికి ఫ్లడ్‌లైట్లు వెలగలేదు. అదే రోజు బోర్డు నుంచి ఒక ప్రకటన మాత్రం వచ్చింది. క్వాలిఫయర్-1, ఎలిమినేటర్ పంజాబ్‌లోని న్యూ చండీగఢ్‌లో, క్వాలిఫయర్-2, ఫైనల్ అహ్మదాబాద్‌లో జరుగుతాయని దాని సారాంశం.

ఉప్పల్ రింగు రోడ్డు నుంచి నాచారం దాకా చాలామంది అడిగిన ప్రశ్న ఒక్కటే. మనకు రాసిచ్చిన మ్యాచ్‌ను ఎవరు తీసుకుపోయారు, ఎందుకు తీసుకుపోయారు? కొందరు వాన అన్నారు, కొందరు రాజకీయం అన్నారు, ఇంకొందరు మన క్రికెట్ సంఘం చేసుకున్నదే అన్నారు. మూడింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ అసలు లెక్క వేరే చోట ఉంది. అది తెలియాలంటే ముందు మ్యాచ్ ఒక ఊరికి ఎట్లా వస్తుందో చూడాలి.

లీగ్ దశలో పెద్ద గొడవేమీ ఉండదు. ప్రతి జట్టుకూ ఒక సొంత మైదానం ఉంటుంది, సన్‌రైజర్స్‌కు ఉప్పల్. నాకౌట్ దశకు వచ్చేసరికి లెక్క మారుతుంది. ప్లేఆఫ్‌లు నాలుగూ బోర్డు సొంత మ్యాచ్‌లు. వాటిని ఎక్కడ పెట్టాలన్నది ఐపీఎల్ పాలక మండలి ఇష్టం. అయితే ఏళ్లుగా నడుస్తున్న ఒక ఆనవాయితీ ఉంది. కిందటేడు కప్పు గెలిచిన జట్టు ఊరికి ఫైనల్, రన్నరప్ ఊరికి మరో రెండు నాకౌట్ మ్యాచ్‌లు ఇస్తారు. 2024లో కోల్‌కతా గెలిచింది, మన జట్టు ఫైనల్లో ఓడింది. అందుకే 2025 ఫైనల్ ఈడెన్ గార్డెన్స్‌కు, క్వాలిఫయర్-1, ఎలిమినేటర్ మనకు వచ్చాయి. మన జట్టు ఆ ఏడాది ప్లేఆఫ్‌కు చేరిందా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. మే 5న ఢిల్లీతో మ్యాచ్ వర్షంలో కొట్టుకుపోయి సన్‌రైజర్స్ రేసు నుంచి తప్పుకున్నాక కూడా, కాగితం మీద ఆతిథ్యం మనదే.

ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా గుర్తుపెట్టుకోవాలి. ఇది ఆనవాయితీ, హక్కు కాదు. ఎవరి దగ్గరా కాంట్రాక్టు కాగితం లేదు. అందుకే పోయినప్పుడు అడగడానికి కూడా ఏమీ లేదు.

పదమూడు రోజుల్లో ఏం జరిగింది?

మే 8న ధర్మశాలలో పంజాబ్, ఢిల్లీ మ్యాచ్ మధ్యలోనే ఆపేశారు. భారత్, పాకిస్తాన్ మధ్య ఉద్రిక్తత పెరగడంతో మరుసటి రోజు టోర్నీనే నిలిపేశారు. మే 10న ఉప్పల్‌లో కోల్‌కతాతో మ్యాచ్ ఉంది, అంటే బ్రేకు పడ్డ వెంటనే ఆగిపోయిన మ్యాచ్‌లలో మనదీ ఒకటి. అదే రోజు కాల్పుల విరమణ ప్రకటన వచ్చింది. మే 12న కొత్త షెడ్యూలు ఇచ్చారు. బెంగళూరు, జైపూర్, ఢిల్లీ, లక్నో, ముంబై, అహ్మదాబాద్ ఆరు నగరాలే, హైదరాబాద్ పేరు లేదు. మన చివరి హోమ్ మ్యాచ్‌ను మే 25న ఢిల్లీలో పెట్టారు. అక్కడ సన్‌రైజర్స్ 278 పరుగులు కొట్టింది, క్లాసెన్ సెంచరీ చేశాడు. ఉప్పల్ జనం దాన్ని టీవీలో చూశారు.

సరిహద్దుకు జైపూర్, అహ్మదాబాదే దగ్గర కదా, హైదరాబాద్ ఎంత దూరం, భద్రత పేరుతో మనల్ని ఎట్లా తీసేస్తారు అని అప్పుడు చాలామంది అన్నారు. న్యాయమైన ప్రశ్నే. కానీ బోర్డు ప్రధానంగా చూసింది రెండు. జట్లు, కెమెరా యూనిట్లు తక్కువ ఊర్ల మధ్య తిరగాలి. పైగా టోర్నీ వారం రోజులకు పైగా వెనక్కి జరిగింది కాబట్టి వాన లేని చోట్లు కావాలి. రెండో విషయంలో బోర్డు మొదటి అడుగే తప్పింది. మళ్లీ మొదలైన మొదటి మ్యాచ్, మే 17న బెంగళూరులో, ఒక్క బంతి కూడా పడకుండా రద్దయింది. ఆ దెబ్బతో మే 23న అక్కడ జరగాల్సిన బెంగళూరు, సన్‌రైజర్స్ మ్యాచ్‌ను లక్నోకు మార్చారు. ప్లేఆఫ్‌లు చండీగఢ్, అహ్మదాబాద్ అని చెప్పింది కూడా ఆ ప్రకటనలోనే.

వాన మాటకొస్తే, హైదరాబాద్ వరకు బోర్డు చెప్పింది నిజమే అనిపిస్తుంది. ఆ ఏడాది రుతుపవనాలు తొందరపడ్డాయి. మే 24నే కేరళను తాకి, రెండు రోజుల్లో తెలంగాణలోకి వచ్చేశాయి. కొత్త తారీఖుల ప్రకారం క్వాలిఫయర్-1 మే 29న, ఎలిమినేటర్ 30న. ఆ రెండు రాత్రులు ఉప్పల్‌లో పెట్టి ఉంటే మ్యాచ్ జరుగుతుందని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు.

అహ్మదాబాద్ విషయంలో మాత్రం ఈ వాదన అంత గట్టిగా నిలబడదు. 2023 ఐపీఎల్ ఫైనల్ అక్కడే వానకు రిజర్వ్ డేకి జరిగి, ఆ తర్వాతి అర్ధరాత్రి దాటాక ముగిసింది. 2025లోనూ జూన్ 1 క్వాలిఫయర్-2 అక్కడే రెండు గంటలకు పైగా ఆలస్యంగా మొదలైంది. ఫైనల్ పోగొట్టుకున్న కోల్‌కతాలో అభిమానులు ఈడెన్ బయట నిరసన చేశారు, బెంగాల్ క్రీడల మంత్రి ఇది రాజకీయ నిర్ణయం అన్నారు. మన దగ్గర అంత గొంతు లేవలేదు. దానికి కారణం కూడా ఉంది, కింద చెప్తాను.

118 కోట్ల లెక్క

అసలు లెక్క ఇక్కడ ఉంది. నేను కామర్స్ చదువుకున్నాను కాబట్టి నాకు ఇది స్కోరు బోర్డు కంటే తొందరగా అర్థమవుతుంది.

2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడుపోయాయి. ఐదేళ్లలో 410 మ్యాచ్‌లు అని లెక్క కట్టారు. భాగిస్తే ఒక్కో మ్యాచ్‌కు 118 కోట్లు. ఇప్పుడు ఉప్పల్ గేటు చూడండి. స్టేడియంలో సుమారు 39 వేల సీట్లు. టికెట్ సగటున 2,000 రూపాయలు అనుకుందాం, అన్నీ అమ్ముడుపోయాయి అనుకుందాం. మొత్తం 7 కోట్ల 80 లక్షలు. ఒక పక్క 118, ఇంకో పక్క ఎనిమిది కూడా లేదు. ప్లేఆఫ్ మ్యాచ్‌కు టికెట్ రేటు రెండింతలు పెట్టినా పదహారు దాటదు.

కాబట్టి బోర్డులో కూర్చున్నవాళ్లకు పెద్ద భయం స్టేడియం నిండకపోవడం గురించి కాదు, మ్యాచ్ జరగకపోవడం గురించి. వాన పడి ఓవర్లు తగ్గితే ప్రకటనలు పోతాయి. న్యూ చండీగఢ్ ముల్లన్‌పూర్ స్టేడియం ఉప్పల్ కంటే పెద్దదేమీ కాదు, దాదాపు అంతే. అంటే సీట్ల కోసం మ్యాచ్ అటు పోలేదు. ప్లేఆఫ్ టికెట్ల డబ్బు ఏ ఊర్లో పెట్టినా బోర్డుకే పోతుంది కాబట్టి, ఊరు మారితే బోర్డుకు గేటు నష్టం పెద్దగా లేదు.

మరి ఊరికి ఏం వస్తుంది? లీగ్ మ్యాచ్‌లకైతే రాష్ట్ర క్రికెట్ సంఘానికి నిర్వహణ ఫీజు వస్తుంది. 2020లో దాన్ని పెంచి ఫ్రాంచైజీ 50 లక్షలు, బోర్డు 50 లక్షలు, మొత్తం మ్యాచ్‌కు కోటి అని ఖరారు చేశారు. ఆ కోటి సంఘానికి. ఉప్పల్‌కు, నాచారానికి వచ్చేది వేరే. అది ఏ ఖాతా పుస్తకంలోనూ కనిపించదు.

మ్యాచ్ రోజు మధ్యాహ్నం నుంచే స్టేడియం మెట్రో స్టేషన్ కింద జెర్సీలు, టోపీలు, జెండాలు అమ్మేవాళ్లు వరుసగా కూర్చుంటారు. ముఖానికి రంగులేసే పిల్లలు, నీళ్ల బాటిళ్లు, ఉడికించిన పల్లీలు, మిర్చి బజ్జీ బండ్లు. హబ్సిగూడ వైపు బిర్యానీ హోటళ్లలో రాత్రి పదకొండు దాటాక రెండో దఫా దమ్ పెడతారు. ఆటోవాళ్లకు ఆ ఒక్క రాత్రి వారం కిరాయి. వీళ్లలో చాలామంది అప్పు మీద సరుకు తెచ్చేవాళ్లే. ఆరెంజ్ జెర్సీ సీజన్ దాటితే పాత సరుకు. ప్లేఆఫ్ మ్యాచ్‌కైతే ఇంకో చిక్కు, ఏ జట్లు వస్తాయో చివరి దాకా తెలియదు. అందుకే తెలిసినవాళ్లు ప్లేఆఫ్ కోసం జెండాలు, ఈలలు, టోపీల లాంటి ఏ జట్టుకైనా నడిచే సరుకు తెస్తారు. మే 10, 20, 21, మూడు రాత్రులు పోయాయి. బోర్డుకు ఊరు మారిందంతే. ఈ బజారుకు మాత్రం మూడు రాత్రుల గల్లా పోయింది. వేదిక మార్చేటప్పుడు ఈ నష్టాన్ని ఎవరూ లెక్కలో వేయరు. వేయాలన్న నిబంధన కూడా లేదు.

ఇంకో వైపు కూడా చెప్పాలి. మ్యాచ్ పోయిందని అందరూ బాధపడలేదు. మ్యాచ్ ఉన్న రోజు తార్నాక నుంచి ఉప్పల్ వైపు వచ్చే లారీలు, బరువు వాహనాలను పోలీసులు హబ్సిగూడ చౌరస్తా దగ్గరే నాచారం, చెంగిచెర్ల వైపు మళ్లిస్తారు. క్రికెట్ ఉప్పల్‌లో, ట్రాఫిక్ నాచారంలో అన్నమాట. నాచారం పారిశ్రామికవాడలో సెకండ్ షిఫ్టు వదిలాక ఇంటికి పోయేవాళ్లు, ఈఎస్ఐ ఆసుపత్రికి పోవాల్సినవాళ్లు పడే పరేషాన్ వేరు. ఉప్పల్ నుంచి నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగుతూనే ఉండటంతో వరంగల్ వైపు దారి సంగతి ఇక చెప్పనక్కర్లేదు. మెట్రో, 2023లో వచ్చిన స్కైవాక్ లేకపోతే ఈ చౌరస్తాలో మ్యాచ్ రోజు నడవడం కూడా కష్టమే. 2017 మేలో మొదటి ఐపీఎల్ ఫైనల్ ఇక్కడ జరిగినప్పుడు మెట్రో ఇంకా మొదలే కాలేదు. జనం ఎట్లా వచ్చి ఎట్లా పోయారో ఇప్పుడు ఊహించుకుంటేనే ఆశ్చర్యం.

ఒకరి నష్టం, ఇంకొకరి నసీబ్

ఉప్పల్ ఎప్పుడూ పోగొట్టుకునే ఊరేనా? కాదు. 2019లో మనకు వచ్చింది కూడా వేరేవాళ్ల నుంచి పోయిందే.

2018లో చెన్నై గెలిచింది, సన్‌రైజర్స్ రన్నరప్. ఆనవాయితీ ప్రకారం 2019 ఫైనల్ చెపాక్‌లో జరగాలి. కానీ అక్కడ మూడు స్టాండ్లు ఏళ్లుగా తాళం వేసి ఉన్నాయి, స్థానిక కార్పొరేషన్‌తో అనుమతుల గొడవ. తమిళనాడు సంఘం వాటిని తెరిపించలేకపోయింది. ఖాళీ స్టాండ్లతో ఫైనల్ వద్దని బోర్డు ఆ మ్యాచ్‌ను ఉప్పల్‌కు ఇచ్చింది. మే 12న ముంబై ఒక్క పరుగు తేడాతో గెలిచింది. చివరి బంతికి మలింగ, శార్దూల్ ఠాకూర్‌ను ఎల్బీడబ్ల్యూ చేసిన మ్యాచ్ అది. 2017 ఫైనల్ కూడా ఇక్కడే, అదీ ముంబైనే, అదీ ఒక్క పరుగుతోనే.

ఆ 2019లోనే మనం ఇంకోటి పోగొట్టుకున్నాం, చాలామందికి గుర్తుండదు. రన్నరప్ ఊరిగా మనకు రావాల్సిన ఎలిమినేటర్, క్వాలిఫయర్-2 విశాఖపట్నానికి పోయాయి. కారణం, మే 6, 10, 14 తారీఖుల్లో తెలంగాణలో ఎంపీటీసీ, జెడ్పీటీసీ ఎన్నికలు. పోలీసు బలగాలు పోలింగ్‌కు పోవాలి. ఉప్పల్‌లో ఒక ఐపీఎల్ మ్యాచ్‌కు రెండున్నర వేలకు పైగా పోలీసులు కావాలి. ఊర్లలో ఎన్నికలు జరుగుతుంటే అంతమందిని ఎక్కడ్నుంచి తెస్తారు? బోర్డు ఏమనుకున్నా, సంఘం ఏమనుకున్నా, పోలీసు కమిషనర్ సంతకం లేకుండా మ్యాచ్ జరగదు. వేదిక ఎంపికలో ఇది అందరికంటే బలమైన ఓటు, బయటికి కనిపించని ఓటు.

2023 వన్డే ప్రపంచకప్‌లో ఇది ఇంకా బాగా తెలిసింది. మొదట ఇచ్చిన షెడ్యూలులో భారత్, పాకిస్తాన్ మ్యాచ్ అహ్మదాబాద్‌లో అక్టోబర్ 15న. ఆ రోజు నవరాత్రులు మొదలు, బందోబస్తు కష్టమని అక్కడివాళ్లు అన్నారు. మ్యాచ్‌ను 14కు జరిపారు. అప్పుడు పాకిస్తాన్ జట్టుకు మధ్యలో విశ్రాంతి కావాలి కాబట్టి, ఉప్పల్‌లో 12న జరగాల్సిన పాకిస్తాన్, శ్రీలంక మ్యాచ్‌ను 10కి తెచ్చారు. కానీ 9న ఉప్పల్‌లోనే న్యూజిలాండ్, నెదర్లాండ్స్ మ్యాచ్ ఉంది. వరుసగా రెండు రోజులు రెండు ప్రపంచకప్ మ్యాచ్‌లు, అందులో ఒకటి పాకిస్తాన్‌ది. పోలీసులు కష్టమన్నారు, హైదరాబాద్ క్రికెట్ సంఘం తారీఖు మార్చమని బోర్డును అడిగింది. మార్చలేదు. అహ్మదాబాద్ పండుగకు క్యాలెండర్ కదిలింది, హైదరాబాద్ ఇబ్బందికి కదల్లేదు. ఇందులో ఎవరి మాటకు ఎంత బరువో పాఠకులే అర్థం చేసుకోవచ్చు.

అంతకు ముందు సెప్టెంబర్ 29న పాకిస్తాన్, న్యూజిలాండ్ వార్మప్ మ్యాచ్ ఉంది. 28న గణేశ్ నిమజ్జనం, అదే రోజు మిలాదున్నబీ. మన పెద్దలు మిలాద్ జులూస్‌ను అక్టోబర్ 1కి వాయిదా వేసుకున్నారు. ఊరి అమన్ కోసం తీసుకున్న ఆ నిర్ణయాన్ని అందరూ మెచ్చుకున్నారు. అయినా నిమజ్జనం బందోబస్తు మరుసటి రోజు దాకా సాగుతుంది కాబట్టి ఆ మ్యాచ్‌ను ప్రేక్షకులు లేకుండానే ఆడించారు, టికెట్ కొన్నవాళ్లకు డబ్బులు వాపసు ఇస్తామన్నారు. ఏడేళ్ల తర్వాత ఇండియాకు వచ్చిన పాకిస్తాన్ జట్టు మొదటి మ్యాచ్ ఖాళీ కుర్చీల ముందు ఆడింది.

తర్వాత అక్టోబర్ 10న ఏం జరిగిందో అందరికీ తెలుసు. శ్రీలంక 344 కొట్టింది, అబ్దుల్లా షఫీక్, రిజ్వాన్ ఇద్దరూ సెంచరీలు చేసి ప్రపంచకప్ చరిత్రలోనే పెద్ద ఛేజ్ పూర్తి చేశారు. పోలీసులకు కష్టమన్న ఆ రెండు రోజులూ ఉప్పల్‌లో ఏ గొడవా కాలేదు. ఆ మాట బోర్డు ఫైలులో ఎక్కడైనా రాసుకుందో లేదో. ఆ ప్రపంచకప్‌కు ఎంపికైన పది నగరాల్లో భారత్ మ్యాచ్ ఒక్కటి కూడా దక్కని ఊరు హైదరాబాద్ ఒక్కటే.

సంఘం బలహీనత

మన గొంతు ఎందుకు లేవలేదని పైన అన్నాను కదా. వేదికల పంపకం జరిగే గదిలో మన తరఫున కూర్చునేది హైదరాబాద్ క్రికెట్ సంఘం. ఆ సంఘం పరిస్థితి ఏళ్లుగా బాగా లేదు.

2022 సెప్టెంబర్‌లో ఆస్ట్రేలియాతో టీ20 టికెట్ల కోసం జింఖానా గ్రౌండ్ దగ్గర తొక్కిసలాట జరిగింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సంఘం వ్యవహారాలను మాజీ న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నాగేశ్వరరావుకు అప్పగించింది. ఆ ఏడాది అక్టోబర్‌లో, అంటే ఉప్పల్‌లో ప్రపంచకప్ మ్యాచ్‌లు ముగిశాక, ఎన్నికలు జరిగాయి. అంటే మనకు ప్రపంచకప్ మ్యాచ్‌లు పంచే సమయానికి సంఘానికి ఎన్నికైన పాలకవర్గమే లేదు. 2024 ఏప్రిల్‌లో చెన్నైతో మ్యాచ్‌కు ఒక రోజు ముందు, కోటిన్నరకు పైగా బకాయిలున్నాయని విద్యుత్ సంస్థ స్టేడియానికి కరెంటు తీసేసింది. తర్వాత మాట్లాడుకుని ఇచ్చారు. కానీ రేపు మ్యాచ్ ఉండగా ఈ రోజు ఫ్యూజు పీకిన వార్త దేశమంతా పోయింది.

2025 మార్చి చివర ఉచిత పాసుల గొడవ బయటపడింది. లక్నోతో మ్యాచ్ రోజు ఒక కార్పొరేట్ బాక్సుకు తాళం వేశారని, అదనపు పాసుల కోసం సతాయిస్తున్నారని సన్‌రైజర్స్ యాజమాన్యం ఆరోపించింది. ఇట్లాగే ఉంటే వేరే ఊరికి వెళ్లిపోతామని కూడా అంది. సంఘం ఆ ఆరోపణలను కాదన్నది. ముఖ్యమంత్రి విజిలెన్స్ విచారణకు ఆదేశించారు. పాత ఒప్పందం ప్రకారం పది శాతం పాసులే అని రాజీ కుదిరింది. జులైలో ఫోర్జరీ, నిధుల దుర్వినియోగం ఆరోపణల మీద సీఐడీ సంఘం అధ్యక్షుడితో సహా కొందరిని అరెస్టు చేసింది. తప్పొప్పులు కోర్టులో తేలాలి. కానీ మేలో వేదికలు మార్చేటప్పుడు హైదరాబాద్ తరఫున గట్టిగా మాట్లాడే స్థితిలో ఈ సంఘం ఉందా అంటే, నాకైతే లేదనే అనిపిస్తుంది.

ఇక్కడ విశాఖను చూస్తే కొంచెం ఈర్ష్య కలుగుతుంది. 2019లో మన రెండు మ్యాచ్‌లు అటే పోయాయి. 2024, 2025లో ఢిల్లీ జట్టు తన హోమ్ మ్యాచ్‌లు కొన్ని అక్కడ ఆడింది. 2025 మహిళల ప్రపంచకప్‌కు విశాఖ వేదిక, హైదరాబాద్ కాదు. 2026 పురుషుల టీ20 ప్రపంచకప్‌కు అహ్మదాబాద్, ఢిల్లీ, కోల్‌కతా, ముంబై, చెన్నై ఎంపికయ్యాయి. అందులోనూ మన పేరు లేదు.

కాగితం ఉంటే ఏమవుతుంది?

ఇదే పని వేరే చోట ఎట్లా చేస్తారో చూస్తే మన లోటు తెలుస్తుంది. అమెరికాలో చదువుకునే మనోళ్ల పిల్లలు మార్చి నెలలో కాలేజీ బాస్కెట్‌బాల్ గురించి చెప్తుంటారు. అక్కడ యూనివర్సిటీలు కొన్ని కలిసి ఒక లీగుగా ఏర్పడతాయి, దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. సీజన్ చివర చాలా కాన్ఫరెన్స్‌లు ఒక్కో ఊర్లో నాలుగైదు రోజుల టోర్నమెంట్ పెడతాయి. ఆ ఊరు ఎవరు కప్పు గెలిచారన్న దాన్ని బట్టి మారదు. బిగ్ ఈస్ట్ అనే కాన్ఫరెన్స్ 1983 నుంచి న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లోనే ఆడుతోంది. పశ్చిమ తీరం యూనివర్సిటీల ప్యాక్-12 కాన్ఫరెన్స్ 2013లో లాస్ ఏంజెలెస్ వదిలి లాస్ వేగాస్‌కు మారింది. హోటల్ గదులు, విమానాలు ఎక్కువ, పైగా ఆ ఊర్లో ఆ కాన్ఫరెన్స్ జట్టు ఏదీ లేదు కాబట్టి ఎవరికీ సొంత మైదానం కాదు. ఈ సొంత మైదానం సంగతి మన దగ్గర పట్టించుకోరు. 2025లో క్వాలిఫయర్-1 పంజాబ్ సొంత మైదానంలోనే జరిగింది. అయినా పంజాబ్ 101కే ఆలౌటైంది అనుకోండి, అది వేరే సంగతి.

అక్కడ ఊర్లు, అరీనాలు పోటీ పడి, ఇన్నేళ్లకు అని కాంట్రాక్టు రాసుకుంటాయి. దుకాణాల వాళ్లకు వచ్చే మూడేళ్ల మార్చి నెలలు ముందే తెలుసు. అట్లాగని అక్కడ మ్యాచ్‌లు పోవని కాదు. నార్త్ కరోలినా రాష్ట్రం 2016లో ట్రాన్స్‌జెండర్ల హక్కులను తగ్గించే చట్టం చేస్తే, ఆ రాష్ట్రానికి ఇచ్చిన కాలేజీ టోర్నీలను నిర్వాహకులు తీసేసుకుని వేరే రాష్ట్రాలకు ఇచ్చారు. కానీ ఫలానా కారణంతో తీసేస్తున్నామని అందరి ముందూ చెప్పారు.

మన దగ్గర ఆనవాయితీతో ఇస్తారు, వాతావరణం, ఇతర అంశాలు అని ఒక్క వాక్యంతో తీసేస్తారు. ఆ ఇతర అంశాలు ఏమిటో ఎవరూ చెప్పరు. ప్రతి ప్లేఆఫ్ వేదికకూ ముందే ఒక రిజర్వ్ వేదిక ప్రకటించడం, ఎంత వాన అంచనా ఉంటే ఎన్ని రోజుల ముందు మారుస్తారో రాసిపెట్టడం బోర్డుకు పెద్ద పనేమీ కాదు. రాష్ట్ర ప్రభుత్వం, పోలీసులు, సంఘం కలిసి పండుగలు, ఎన్నికల తారీఖులతో సహా జనవరిలోనే ఒక క్యాలెండర్ ఇస్తే, తర్వాత కాదనడానికి అవతలివాళ్లకు సాకులు తగ్గుతాయి. మిలాద్, మొహర్రం, రంజాన్ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు వస్తాయి. గణేశ్ నిమజ్జనం, బోనాలు ఎప్పుడో పంచాంగం చెప్తుంది. ఇవేవీ హఠాత్తుగా ఊడిపడేవి కావు. 2025 మార్చి 27 లక్నో మ్యాచ్ రంజాన్‌లోనే జరిగింది, ఇఫ్తార్ చేసుకుని ఏడున్నరకు స్టేడియంలో కూర్చున్నవాళ్లు బోలెడుమంది.

అప్పటిదాకా టికెట్ కొనేవాళ్లు, సరుకు తెచ్చేవాళ్లు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. లీగ్ మ్యాచ్ వేదిక సాధారణంగా మారదు, ప్లేఆఫ్ వేదిక మారొచ్చు. మ్యాచ్ ఒక్క బంతి కూడా పడకుండా రద్దయితే టికెట్ డబ్బు మామూలుగా వాపసు వస్తుంది, మధ్యలో ఆగితే రాదు. ఆ నిబంధన టికెట్ అమ్మే యాప్‌లోనే చిన్న అక్షరాల్లో ఉంటుంది, కొనే ముందే చదవాలి. జిల్లాల నుంచి వచ్చేవాళ్లు రైలు, బస్సు టికెట్‌లో క్యాన్సిల్ చేసుకునే వీలున్నదే తీసుకోవాలి, ఎందుకంటే ప్రయాణం ఖర్చు, హోటల్ గది ఖర్చు ఎవరూ వాపసు ఇవ్వరు. మే మూడో వారం దాటిన ఏ రాత్రి మ్యాచ్‌కైనా ముందు వాతావరణ శాఖ హైదరాబాద్ కేంద్రం బులెటిన్ చూడండి. మెట్రో స్టేషన్ కింద బండి పెట్టేవాళ్లైతే, ప్లేఆఫ్ సరుకుకు అడ్వాన్సు ఇచ్చే ముందు దుకాణందారుతో వాపసు మాట ముందే మాట్లాడుకోవాలి.